వెనక నుంచి చెప్పే వదిన

చలమ్మ అసలు పేరు అది కాదు. ఆ పరిశోధన సంస్థలో ఎండలు మండిపోతున్నా స్వెట్టర్ విప్పని మనిషి ఆమె ఒక్కతే కాబట్టి అందరూ కలిసి ఆ పేరు తగిలించారు. ఆమె పని చేసేది నేలమాళిగలో, ఒక పెద్ద చలిపెట్టె పక్కన. మనిషి ఎత్తున్న ఆ పెట్టె లోపల బంగారు పూత పూసిన పళ్లేలు అంతస్తులంతస్తులుగా వేలాడుతుంటాయి. కిందికి వెళ్లేకొద్దీ చలి పెరుగుతుంది. అట్టడుగున, ప్రకృతిలో ఎక్కడా దొరకనంత చలిలో, గోరంత చిప్ ఒకటి కూర్చుని ఉంటుంది. ఆ సంస్థ వారి క్వాంటం కంప్యూటర్‌కి ప్రాణమంతా ఆ గోరంత ముక్కలోనే ఉంది. చలమ్మ ప్రాణం కూడా అందులోనే ఉందని చెప్పినా తప్పు లేదు. దాన్ని ఆమే తన చేతులతో, దుమ్ము చొరబడని గదిలో, నెత్తి నుంచి పాదాల దాకా తెల్ల తొడుగు కప్పుకుని, పొర మీద పొర వేసి తయారు చేసింది. ముద్దుగా చిట్టి అని పిలుచుకుంటుంది.

మామూలు కంప్యూటర్‌లో మీటలుంటాయి. మీట అన్నాక వేసైనా ఉండాలి, ఆపైనా ఉండాలి. చిట్టిలో మీటల బదులు క్యూబిట్లుంటాయి. వాటిది అంత తేల్చిచెప్పే స్వభావం కాదు. అటు కొంత, ఇటు కొంత వాలి, ఏ సంగతీ తేల్చకుండా నిలబడగలవు. కాస్త వేడి తగిలినా, ఎవరైనా తొంగి చూసినా ఠక్కున ఏదో ఒక పక్కకి పడిపోతాయి. అవి పడిపోయేలోపే వాటి చేత పని చేయించుకోవాలి. ఏం పని చేయించాలో చెప్పడం గణితం వంతు, చేసే సరుకుని తయారు చేయడం భౌతికశాస్త్రం వంతు, ఆ మాటని ఈ సరుకుకి అర్థమయ్యేలా చెప్పడం ప్రోగ్రాములు రాసేవాళ్ల వంతు. ముగ్గురూ ఒక మాట మీద ఉంటే సరే. లేకపోతే ఎంత ఖరీదైన చలిపెట్టె అయినా ఐసు ముక్కలకి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఆ సంస్థ అదృష్టమో దురదృష్టమో, ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. పై అంతస్తులో సుద్దముక్కల దుమ్ములో కూర్చునే గణిత పండితురాలు చలమ్మకి వదిన. చలమ్మ మెట్ల దగ్గర నిలబడి "వదినా!" అని కేకేసి కేకేసి, ఇప్పుడు సంస్థలో అందరికీ ఆవిడ వదినగారే. మధ్య అంతస్తులో ప్రోగ్రాములు రాసేది చలమ్మ అన్నయ్య. పైనుంచి వచ్చిన గణితాన్ని కింద యంత్రానికి తెలిసే భాషలోకి మార్చడమే ఆయన ఉద్యోగం కాబట్టి ఆయనకి దుబాసీ అని పేరు పడింది. ఆ భవనంలో లిఫ్టు ఎప్పుడూ బాగుండదు. పైవాళ్లు కిందికి రారు, కిందివాళ్లు పైకి ఎక్కరు. పొద్దస్తమానం మెట్లెక్కి దిగేది దుబాసీ ఒక్కడే. గణితానికీ భౌతికశాస్త్రానికీ మధ్య సంబంధమేమిటని ఎవరైనా అక్కడ అడిగితే, అదిగో, రొప్పుతూ వస్తున్నాడే, ఆయనే అని చూపించేవాళ్లు.

వదినది ఒక వింత అలవాటు. ఏదైనా చివరి నుంచి మొదలుపెట్టి చెబుతుంది. "మనం తడిసిపోతాం. గొడుగు లేదు. బస్సులో మర్చిపోయాను" అంటుంది. ముందు ఫలితం, తర్వాత కారణం. ఆవిడ చదువే అలాంటిది మరి. ముందు సిద్ధాంతం ప్రకటించి, తర్వాత తీరిగ్గా నిరూపించే చదువు. చేయవలసిన పనుల వరసని కూడా గణితం వాళ్లు కుడి నుంచి ఎడమకి రాస్తారు. మొదట చేయవలసింది చివరన ఉంటుంది. యంత్రం మాత్రం ఎడమ నుంచి మొదలుపెడుతుంది. అందుకే దుబాసీ పెళ్లైన కొత్తలోనే ఒక సూత్రం నేర్చుకున్నాడు. మా ఆవిడ దగ్గర నుంచి ఏ వరస వచ్చినా ముందు తిప్పెయ్యి, తర్వాత చదువు. కూరగాయల చీటీ అయినా సరే.

గొడవ కిందటి వారం సమావేశంలో వచ్చింది. చిట్టి పాతబడిందనీ, దాని స్థానంలో కొనుక్కొచ్చిన కొత్త చిప్ పెడదామనీ సంస్థ పెద్దాయన అన్నాడు. ఆ భవనంలో నడవా చివర ఒక అద్దాల బీరువా ఉంది. పని అయిపోయిన చిప్‌లని అందులో పెట్టి, కింద చిన్న చీటీ అంటిస్తారు. సందర్శకులు వచ్చి "అబ్బ, ఎంత చిన్నదో!" అని వెళ్లిపోతారు. చిట్టి ఆ బీరువాలోకి వెళ్లడం చలమ్మ ఊహించుకోలేకపోయింది.

అప్పుడు వదినే ఆదుకుంది. తానొక పరీక్ష తయారు చేశానంది. క్యూబిట్లని ఒక వరసలో తిప్పుకుంటూ పోతే, చిప్ ఆరోగ్యంగా ఉంటే చివరికి రావలసిన జవాబు ఒక్కటే. తెర మీద ఒకే ఒక్క పొడుగాటి స్తంభం లేస్తుంది. చిప్‌లో పస లేకపోతే చిన్నాచితకా స్తంభాలు గడ్డిలా మొలుస్తాయి. పాసైతే ఉంచండి, లేకపోతే తీసెయ్యండి అంది. పెద్దాయన సరేనన్నాడు.

అయితే ఆ పరీక్షని వదిన తన అలవాటు ప్రకారం చివరి నుంచి వివరించింది. చలమ్మకి అసలే భయం, దాని మీద అర్థం కాకపోవడం. ముక్కు మీద కోపం ఆగలేదు.

"వదినా, మనుషులు ముందు నుంచి వింటారమ్మా! నువ్వు రాసింది చదవాలంటే తల కింద పెట్టి కాళ్లు పైకెత్తాలి" అంది, అందరి ముందూ.

అందరూ నవ్వారు. దుబాసీ కూడా నవ్వి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. వదిన మాత్రం సుద్దముక్కని బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని కూర్చుంది. ఆవిడ ముఖం చిన్నబోవడం చలమ్మ చూసింది. చూసి కూడా, తర్వాత మాట్లాడదాంలే అనుకుంది. ఆ తర్వాత అనేది రాకుండానే పరీక్ష రోజు వచ్చింది.

ఆ రోజు పొద్దున వంటింట్లో వదిన నిలబడి ఉంది. చలమ్మ సాక్సులు వెతుక్కుంటూ లోపలికి వచ్చింది.

"చలమ్మా, నేను పొద్దున్నే లేచాను" అంది వదిన.

"ఊఁ."

"లేచి స్టవ్ వెలిగించాను. గిన్నె పెట్టాను. అందులో పాలు పోశాను. ఈలోపు ఫోన్ మోగింది. వెళ్లి మాట్లాడాను. మాట్లాడి వచ్చాను. వచ్చేసరికి..."

"వచ్చేసరికి ఏమైంది వదినా?"

"ఇదిగో, పాలు పొంగిపోతున్నాయి."

అప్పటికే స్టవ్ మీద తెల్లగా వరద పారుతోంది. చలమ్మ పరుగున వెళ్లి మంట ఆపింది. ఎప్పటి వదినైతే "పాలు!" అని ముందు అరిచేది, ఫోన్ సంగతి మధ్యాహ్నానికి చెప్పేది. ఈవిడకి ఇవాళ ఏమైందబ్బా అనుకుంటూ చలమ్మ స్టవ్ తుడిచింది. చిట్టి ఆలోచనలో పడి అంతకుమించి అనుకోలేదు.

నేలమాళిగలో చలిపెట్టెని చల్లగా ఉంచే పంపులు దడదడమంటున్నాయి. కొత్త చిప్ మెత్తని పెట్టెలో వచ్చి బల్ల మీద కూర్చుని ఉంది, కొత్త అల్లుడిలా. దాని పక్కనే, ఎవరి ముందుచూపో గానీ, అద్దాల బీరువాకి అంటించాల్సిన చీటీ కూడా అచ్చై ఉంది. చలమ్మ దాన్ని బోర్లా తిప్పి పెట్టింది. సాయంత్రం పంపుల దగ్గరి మనిషి ఇంటికి వెళ్లేముందు, చలిపెట్టెని ఆపాలా వద్దా అన్నది ఆయనకి చెప్పాలి. ఒకసారి ఆపితే వేడెక్కిపోతుంది, తెరుస్తారు, చిట్టిని తీసేస్తారు.

పెద్దాయన వచ్చాడు. దుబాసీ ప్రోగ్రాము ఎక్కించాడు. వదిన కూడా ఎన్నడూ లేనిది మెట్లు దిగి వచ్చి, ఒక మూల స్టూలు మీద కూర్చుంది. యంత్రం అదే పనిని వేలసార్లు చేసి, వచ్చిన జవాబులని తెర మీద గుట్టలు పోయడం మొదలుపెట్టింది.

లేవవలసిన చోట స్తంభం లేవలేదు. సంబంధం లేని ఇంకెక్కడో రెండు స్తంభాలు లేచాయి, కవలల్లా సమానంగా.

"ఏదో సర్దుబాటు తప్పి ఉంటుంది సార్" అంది చలమ్మ. క్యూబిట్లన్నిటినీ ఒక్కొక్కటిగా మళ్లీ శ్రుతి చేసింది. మళ్లీ నడిపారు. మళ్లీ అవే రెండు స్తంభాలు.

"పంపు అదురుకి ఏమైనా..." అన్నాడు దుబాసీ. పంపు అదురు తగ్గించి చూశారు. అవే రెండు.

చలమ్మకి లోలోపల వదిన మీద కోపం వచ్చింది. ఆ గణితమే తప్పేమో. మామూలు కంప్యూటర్ మీద ఒకసారి సరిచూసుకోకూడదూ? అదే మాట అడిగింది.

"నిరూపించినదాన్ని మళ్లీ సరిచూడటమేమిటి?" అంది వదిన నీరసంగా. ఆ మాట అంటున్నా ఆవిడ వేళ్లు మోకాలి మీద ఏదో రాసుకుంటూనే ఉన్నాయి. తన నిరూపణని మొదటి నుంచీ తవ్వుకుంటోందని చూస్తేనే తెలుస్తోంది.

"పోనీ నువ్వైనా చూడకపోయావా అన్నయ్యా?"

"మీ వదిన లెక్కని అనుమానించి నేను ఆ ఇంట్లో బతకాలా?" అన్నాడు దుబాసీ.

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. మంచివాడే. కానీ మంచివాళ్లు చెడ్డ కబురు చెప్పేముందు మరీ మెత్తబడతారు, అది చూస్తేనే భయం వేస్తుంది. "అమ్మా, నీ తప్పేమీ లేదు. ఏ చిప్‌కైనా ఒక వయసుంటుంది. బీరువాలో మధ్య అరలో పెడదాం, అందరికీ కనబడేలా" అన్నాడు. పంపుల మనిషికి చెప్పడానికి లేచాడు.

చలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే తెర కనబడదని స్వెట్టర్ చేతితో తుడుచుకుంది. తెర మీద అవే రెండు స్తంభాలు, పొద్దుటి నుంచీ ఉన్నట్టే, వెంట్రుకంత తేడా లేకుండా నిలబడి ఉన్నాయి.

వెంట్రుకంత తేడా లేకుండా. ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. పాడైపోతున్న చిప్‌లని చలమ్మ చాలా చూసింది. వాటి సంగతి ఆమెకి తెలిసినంతగా పైఅంతస్తుల వాళ్లకి తెలియదు.

"సార్, ఒక్క క్షణం ఆగండి!" అంది. "చిప్ పాడైతే పూటకో అబద్ధం చెబుతుంది సార్. పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా. నేను శ్రుతి మార్చాను, పంపు మార్చాం, అయినా ఇది ఒకే మాట మీద నిలబడింది. అబద్ధాలాడేవాళ్లు ఇంత గట్టిగా నిలబడలేరు. మనం అడిగినదానికి ఇది సరిగ్గానే చెబుతోంది. మనమే ఇంకేదో అడుగుతున్నాం."

పెద్దాయన తలుపు దగ్గర ఆగాడు. నమ్మినట్టు లేదు గానీ ఆగాడు.

చలమ్మ వదిన వైపు తిరిగింది. "వదినా, నీ పరీక్షలో క్యూబిట్లని అసలు మొట్టమొదట ఏం చేయాలి?"

"మొదట అన్నిటినీ సగానికి వాల్చాలి" అంది వదిన. "తర్వాత పక్కపక్క వాటిని జతలు కట్టాలి. ఆ తర్వాత ఒక్కోదాన్ని కొంచెం తిప్పాలి. ఆ పైన..."

వరసగా, ముందు నుంచి వెనక్కి, బుద్ధిమంతురాలైన బడిపిల్లలా అప్పజెబుతోంది. చలమ్మకి చప్పున పాలు గుర్తొచ్చాయి. స్టవ్ వెలిగించాను, గిన్నె పెట్టాను, పాలు పోశాను. తెర మీద ప్రోగ్రాము వైపు చూసింది. అక్కడ యంత్రం మొట్టమొదట చేస్తున్నది వాల్చడం కాదు. వదిన చివరన చెప్పవలసిన పని.

"అన్నయ్యా, వదిన ఇచ్చిన వరసని నువ్వు తిప్పావా?"

"తిప్పకుండా ఎలా? మీ వదిన రాసింది కదా! తిప్పాకే చదివాను" అన్నాడు దుబాసీ గర్వంగా.

"వదినా, నువ్వు..."

వదిన స్టూలు మీద నుంచి లేచింది. ఆవిడకి అప్పటికే అర్థమైపోయింది. ముఖం ఎర్రబడింది. "నేను ఈసారి ముందు నుంచే రాశాను. యంత్రం చదివే వరసలోనే. నువ్వే కదా అన్నావు, మనుషులు ముందు నుంచి వింటారని. నీకు తేలిగ్గా ఉంటుందని..." అని ఆగి, "వారం నుంచీ అలవాటు చేసుకుంటున్నాను. చాలా కష్టంగా ఉంది" అంది.

చలమ్మకి సిగ్గుతో తల తీసేసినట్టైంది. నలుగురిలో తాను విసిరిన మాటని పట్టుకుని, ఇన్నేళ్ల అలవాటుని ఈవిడ ఒంటరిగా వంచుకుంటోంది. తనేమో పొద్దున చూసి కూడా ఏమైందని అడగలేదు. చలమ్మ కోసం వదిన తిప్పింది, అలవాటు కొద్దీ అన్నయ్య మళ్లీ తిప్పాడు. రెండుసార్లు తిప్పితే తిప్పనట్టే. పాపం చిట్టికి గణితం వాళ్ల వరసే తిన్నగా వెళ్లి చేరింది. అది నోరు మూసుకుని, ముందు బూట్లు వేసుకుని వాటి మీద సాక్సులు లాక్కున్నట్టు, ఆ వరసలోనే పని చేసింది. చేసిన పనులన్నీ అవే. వచ్చిన జవాబు మాత్రం వేరు.

"నన్ను క్షమించు వదినా. ఆ రోజు అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది" అంది చలమ్మ.

"తర్వాత ఏడుద్దువుగాని. ముందు ఆ వరస సరిచెయ్యండి, పంపులాయన సంచీ సర్దుకుంటున్నాడు" అంది వదిన. పని ముందు, కారణం వెనక. పాత వదిన తిరిగి వచ్చినందుకు చలమ్మకి ప్రాణం లేచొచ్చింది.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అసలు ఈ తిప్పే పని ఇకమీదట ఎవరు చేస్తారో ముందు తేల్చండి" అన్నాడు.

"నేను" అంది వదిన. "నేను" అన్నాడు దుబాసీ. "నేను" అంది చలమ్మ. ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

పెద్దాయన నోరెళ్లబెట్టాడు. వదిన మాత్రం ఒక్క క్షణం లెక్క వేసి, "ముగ్గురం తిప్పినా ఫరవాలేదండీ. బేసి సంఖ్యే, సరిగ్గానే వస్తుంది" అంది.

చివరికి దుబాసీ ఒక్కడే తిప్పాడు. మిగిలిన ఇద్దరూ ఆయన భుజాల మీద నుంచి తొంగి చూస్తూ, తిప్పినదాన్ని మళ్లీ ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాశారు. పెద్దాయన పక్కనున్న పంపుల గది కిటికీలోంచి చెయ్యి ఊపి పంపుల మనిషిని ఆగమన్నాడు. ఆయన సంచీ భుజానికి తగిలించుకునే ఉన్నాడు. యంత్రం మొదలైంది.

చలమ్మ తెర వైపు చూడలేకపోయింది. చలిపెట్టెని ఆనుకుని, గోడ వైపు తిరిగి నిలబడింది. అరచేతి కింద పెట్టె సన్నగా వణుకుతోంది. లోపల చిట్టి ఉంది. ఇంకాసేపు ఉంటుందో లేదో తెలియదు.

"నువ్వు చూసి చెప్పు వదినా. నా వల్ల కాదు" అంది.

"సరే. ప్రోగ్రాము ఎక్కింది" అంది వదిన. "మొదటి విడత అయింది. జవాబులు వస్తున్నాయి. ఎడమ పక్క ఏమీ లేదు. ఇప్పుడు మధ్యలో..."

వారం రోజుల అలవాటు అప్పుడే ఎక్కడికి పోతుంది? పాలు పొంగిన పద్ధతిలోనే, మెట్టు మెట్టుగా చెప్పుకొస్తోంది.

"వదినా, నీ పద్ధతిలో చెప్పు! నీకు దణ్ణం పెడతాను, వెనక నుంచి చెప్పు!" అని గోడకేసి అరిచింది.

పంపుల చప్పుడులో మిగిలిన విడతలు కూడా అయిపోయాయి. తర్వాత వదిన గొంతు వచ్చింది, ఎప్పటిలాగే తాపీగా.

"నీ చిట్టి ఎక్కడికీ పోదు" అంది. "ఎందుకంటే..."

ఆ ఎందుకంటే తర్వాతి మాటలు చలమ్మ వినలేదు. వెళ్లి వదిన మెడ చుట్టూ చేతులు వేసి, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తెర మీద ఒకే ఒక్క స్తంభం, లేవవలసిన చోట, నిక్కి నిలబడి ఉంది. కిటికీ అవతల పంపుల మనిషి చలిపెట్టె జోలికి పోకుండా ఇంటికి బయల్దేరాడు. దుబాసీ బల్ల మీద బోర్లా పడి ఉన్న చీటీని తీసి, నలిపి, జేబులో వేసుకున్నాడు.

వదిన మాత్రం చలమ్మ వీపు నిమురుతూ, నిరూపణని చివరి నుంచి మొదటి దాకా చెబుతూనే ఉంది.